ఉదయగిరి సాక్షులు

నెల్లూరుమండలపు పడమటిసీమలో, ఆత్మకూరునకు వాయవ్యదిశను ఉదయగిరిదుర్గము గలదు. 1514 వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు దీనిని గజపతి ప్రతాపరుద్రుని సేనలనుండి గైకొనెనని బడిపిల్లలును జెప్పుదురు. ఆ సంగతి యెట్లు తెలిసినదని యడిగినచో పెద్దలును దడబడుదురు. రాజ్యతంత్రమును శాస్త్రదృష్టితో నభ్యసింపగోరువారు ముందుగా నడుగవలసిన ప్రశ్న యిదియే.

ఈ ముట్టడికి మువ్వురు సాక్షులు గలరు. మొదటిది శాసనము. గజపతిబంధువగు తిరుమల రాహుత్తరాయని రాయలు చెఱపట్టెనని శాసనములు పలుకుచున్నవి. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణవిగ్రహమును విజయనగరమున బ్రతిష్ఠించిన సంగతి 1515 నాటి హంపీశాసనమున గలదు. రెండవ సాక్షి పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడగు న్యూనిజు. ముట్టడి యేడాదిన్నర సాగెననియు, కొండబండలు పగులగొట్టి సేనకు ద్రోవలు వేసిరనియు, గజపతిబంధువగు స్త్రీ యొకతె చెఱపడెననియు నాతడు వ్రాసెను. మూడవది రాయవాచకము. ఇది రాయలనాటిదేయని చాలకాలము పలువురు తలచిరి; 1600 ప్రాంతమున మధురనాయకుల యాస్థానమున బుట్టినదని ఫిలిప్ వాగనర్ 1993 లో వాదించెను.

వీరిలో నెవ్వరిని నమ్మవలెను? ఒక్కొక్క సాక్షి దేనికి దగినవాడో విచారింపవలెను. శాసనము ఆ కాలముదే. అయినను గెలిచినవాని నోటిమాట. న్యూనిజునకు రాయలను బొగడవలసిన పని లేదు. అయినను ఇరువదియేండ్ల పిమ్మట విన్నమాటలు వ్రాసినవాడు. రాయవాచకము ముట్టడిని గూర్చి దుర్బలసాక్షి. తరువాతి తరమువారు రాజనగా నెట్లుండవలెనని తలచిరో తెలుపుటకు మాత్రము మిక్కిలి మంచి సాక్షి.

ఇక బండలు కొట్టిన కూలి, సేనకు ధాన్యమిచ్చిన రైతు మాటయేమి? వారు శాసనములు వేయించుకొనలేదు. అయినను వారి జాడ బొత్తిగా లేకపోలేదు. 1905 లో బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు ఆత్మకూరు, ఉదయగిరి మొదలగు తాలూకాలను బట్టి నెల్లూరుమండలశాసనములను బ్రకటించిరి. ఇట్టి శాసనములను దిరుగవేసి చదువవలెను. పన్ను మాన్పితిమను శాసనము, అంతవఱకు నా పన్ను ప్రజలమీద నుండెనని యొప్పుకొనుటయే గదా! దాత తన కీర్తికై చెక్కించిన ఱాయి, తానెఱుగకయే పన్ను చెల్లించినవాని పక్షమునను సాక్ష్యమిచ్చుచున్నది.

నేడును ఎన్నికలవేదికలమీద పూర్వరాజుల పేర్లు మాఱుమ్రోగుచున్నవి. ఆ మాటలు విని యింటికి వచ్చిన పిల్లలతో, "ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఖర్చెవరు భరించిరి?" అని తల్లిదండ్రు లడుగుదురుగాక. ఓటు వేయువారికి వలసిన రాజనీతివిద్య యీ మూడు ప్రశ్నలతోనే మొదలగును.