ఉర్దూలో తారీఖ్ చెప్పిన ఉస్తాద్



మొన్న మిడుతూరు వెళ్లినప్పుడు మా నానీమా సందూక్ తెరిచాను. అడుగున పాత ఉర్దూ కాగితాలు ఉన్నాయి. పక్కనే ఉన్న మా అబ్బాయి, "ఇందులో ఏముంది అబ్బా?" అన్నాడు. వాడికి ఉర్దూ రాదు. ఆ ప్రశ్న వినగానే నాకు ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ యాదికొచ్చారు.

షేర్వానీ సాబ్ మన దక్కన్ మనిషి కాదు. 1891లో అలీగఢ్ వైపు పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1918లో నిజాం ఉస్మానియా యూనివర్సిటీ స్థాపిస్తే, మరుసటి ఏడు అక్కడ తారీఖ్ ఉస్తాద్‌గా చేరారు. అక్కడ చదువంతా ఉర్దూలోనే. కితాబుల కోసం దారుత్తర్జుమా అని ఒక తర్జుమా శాఖే పెట్టారు. నాలాంటి ఉర్దూ మీడియం వాడికి ఇది చిన్న మాట కాదు. "ఆ చదువుతో ఏం చేస్తావ్?" అని చిన్నప్పుడు నన్ను అడగనివాడు లేడు.

పరాయి ఊరి నుంచి వచ్చిన ఆయన దక్కన్‌నే తన జిందగీ చేసుకున్నారు. 1942లో మహమూద్ గవాన్ మీద, 1953లో బహమనీల మీద, 1974లో కుతుబ్‌షాహీల మీద కితాబులు తెచ్చారు. 1969లో పద్మభూషణ్ వచ్చింది. 1980లో ఇంతెకాల్ అయ్యారు.

గవాన్ కిస్సా వినండి. బీదర్‌లో గొప్ప మదర్సా కట్టించిన బహమనీ వజీర్ ఆయన. దుష్మన్లు ఆయన ముహర్ వేయించి, ఒరిస్సా రాజుకు రాసినట్టు ఒక దొంగ ఖత్ పుట్టించారు. సుల్తాన్ తహకీకాత్ చేయలేదు. 1481లో మన కొండపల్లి దగ్గర ఆ ముసలి వజీర్ తల తీయించాడు. తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. ఏం ఫాయిదా? పోయిన జాన్ తిరిగొస్తుందా?

ఇక ఇబ్రహీం కుతుబ్‌షా. గోల్కొండ తఖ్తు ఎక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల పనాలో బతికాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి రామరాయల మీదికి జంగ్‌కు వెళ్లాడు. రెండూ సచ్చే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేది తారీఖ్ కాదు, తరఫ్‌దారీ.

ఈరోజు మన ఫోన్లలోకి వచ్చే మెసేజీలు చూడండి. కొన్ని మనల్ని తిడతాయి, కొన్ని మనల్ని ఆకాశానికెత్తుతాయి. ముహర్ కనబడగానే నమ్మేస్తే మనమూ ఆ సుల్తాన్ లాంటివాళ్లమే. రాసిందెవరు, ఎప్పుడు, ఎందుకు అని అడగడం షేర్వానీ సాబ్ లాంటి ఉస్తాదుల పని. ఆ పని మన పిల్లలకూ రావాలి.

నానీమా కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. ఇతవారం ఇతవారం ఒక్కో కాగితం నేను చదువుతున్నాను, మావాడు తెలుగులో రాసుకుంటున్నాడు. మీ ఇంట్లోనూ ఒక సందూక్ ఉండే ఉంటుంది. చెదలు పట్టకముందే, చదవగలిగే పెద్దలు ఉండగానే తెరవండి.

ఖుదా హాఫిజ్.