వంశంలో లేని జబ్బు

“మా వంశంలో ఎవరికైనా ఉందా ఈ అవిటితనం? నీ కడుపునే ఎందుకొచ్చిందే!”

అత్త మాటకు కోడలు బదులు చెప్పలేదు. ఆవిడ పరాయిది కాదు, స్వయానా మేనత్త. దివిసీమలోని నాలుగెకరాల మాగాణి గడప దాటకూడదని పెద్దలు కుదిర్చిన మేనరికం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. ఇలాంటి పిల్లల గురించి డాక్టర్లు పదేపదే రాసిన వివరాలను ఒకే ఇంట్లో కూర్చి చెబుతున్న గాథ.

పాప పుట్టినప్పుడు చక్కగా ఉంది. నాలుగో ఏట నడక మారింది. ఆరో ఏడు వచ్చేసరికి వేళ్ళ కణుపులు లావెక్కాయి. బలపం జారిపోతోంది. ముద్ద చేసుకుందామంటే పిడికిలి ముడుచుకోదు. గొంతుక్కూర్చుంటే లేవలేదు. కణుపులు గట్టిగా ఉబ్బాయి గానీ ముట్టుకుంటే వేడి లేదు, ఎరుపూ లేదు.

చూసినవాళ్ళంతా కీళ్ళవాతమే అన్నారు. స్టెరాయిడ్ మాత్రలు మింగించారు. ముఖం ఉబ్బింది తప్ప వేళ్ళు వంగలేదు.

చివరికి విజయవాడ సూర్యారావుపేటలో ఓ డాక్టరు పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచారు. రక్త పరీక్షల్లో ఈఎస్ఆర్, సీఆర్‌పీ ప్రతిసారీ మామూలే. వెన్నెముక ఎక్స్‌రే తీయిస్తే పూసలు అణిగిపోయి ఉన్నాయి.

“మీది మేనరికమా అమ్మా?”

“అవునండీ, మా మేనత్త కొడుకే.”

జన్యు పరీక్షలో తేలింది: ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా. చూడ్డానికి వాతంలా ఉండే మృదులాస్థి జబ్బు. దీనికి కారణమైన విస్ప్3 జన్యువును 1999లో గుర్తించారు. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీకి చెందిన డాక్టర్ అశ్విన్ దలాల్, మణిపాల్‌కు చెందిన డాక్టర్ కె.ఎం. గిరీశ తదితరులు 25 భారతీయ కుటుంబాల్లో ఈ జబ్బున్న 35 మందిని పరిశీలించి, ఆ ఫలితాలను 2012లో ప్రచురించారు.

ఈ జన్యువు దస్తావేజు నకళ్ళలా అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి అందుతుంది. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది, మనిషికి ఏమీ కాదు. రెండూ చెడినవే అందితే కీళ్ళు పట్టేస్తాయి.

కోడలి తండ్రీ, అత్తా తోబుట్టువులు. వాళ్ళను కన్నవారిలో ఒకరి దగ్గరున్న లోపం ఇద్దరికీ అందింది. అత్త నుంచి ఆమె కొడుక్కి, అన్న నుంచి ఆయన కూతురికి చేరింది. ఆ రెండు దారులూ పాప దగ్గర కలిశాయి. వంశంలో లేదన్న ఆవిడ ఒంట్లోనే అది ఇన్నాళ్ళూ ఉంది. ఇందులో కోడలి తప్పు లేదు, అత్త తప్పూ లేదు. ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు.

మేనరికాల ప్రభావం గురించిన మాట మనకు కొత్తదీ కాదు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, గురువు జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పనిచేస్తూ 1960ల తొలినాళ్ళలోనే ఆంధ్రలోని రక్తసంబంధ వివాహాలపై పరిశోధన పత్రాలు రాశారు.

జబ్బును మాన్పే మందు ఇంకా లేదు. కానీ పేరు తెలిస్తే అక్కరలేని స్టెరాయిడ్లు ఆగుతాయి. ఫిజియోథెరపీతో కీళ్ళను వీలైనంత కాలం కదిలించవచ్చు. తుంటి కీలు పాడైతే మార్పిడి ఆపరేషన్ ఉంది. ఆ దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ఉన్న లోపం ఏమిటో ముందే తెలిస్తే గర్భంలోనే పరీక్షించవచ్చు.

పిల్లల కణుపులు ఉబ్బి, రక్త పరీక్షలు పదేపదే మామూలుగా వస్తుంటే వెన్నెముక ఎక్స్‌రే సంగతి అడగండి. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు తేలితే, మరో మేనరికానికి ముహూర్తం పెట్టించే ముందు వధూవరులిద్దరికీ పరీక్ష చేయించండి. కోడలిని నిలదీయడం మానండి.