గాలిలో ప్రదక్షిణము, గురువులు పలువురు



కోనసీమవారికి హెలికాప్టరు వింత వస్తువు కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మన కొబ్బరితోటలను నేలగూల్చిన పిమ్మట, త్రోవలు తెగిన పల్లెలకు ఆహారపు పొట్లములను తెచ్చినది అదియే. 2002 మార్చి 3వ తేదీన అమలాపురపు ప్రతినిధియు లోకసభాధ్యక్షులునగు బాలయోగిగారు కైకలూరు చెంత మరణించినదియు హెలికాప్టరు ప్రమాదముననే. అట్టి యంత్రమును నడుపుట ఎట్లు నేర్పుదురో పెద్దలకు విన్నవింపదలచితిని.

ఈ విద్యకు ఓనమాలవంటిది సర్క్యూటు. దేవాలయమునకు ప్రదక్షిణము చేసినట్లు, లేచిన చోటు చుట్టును దీర్ఘచతురస్రముగా తిరిగి, మరల అచటనే దిగవలెను. గాలికి ఎదురుగా లేచుట, గాలివాలున సాగుట, తుదకు గాలికి ఎదురుగానే దిగుట ఇందలి క్రమము.

నేను దీనిని అభ్యసించునప్పుడు మువ్వురు గురువులు మారిరి. మొదటివారు వేగమును తెలుపు ముల్లును విడువక చూడుమనిరి. రెండవవారు ముల్లును మాని దూరపు నేలను చూడుమనిరి. మూడవవారు తోటలనడుమ దిగునట్లు నిటారుగా దిగుమనిరి. ఎవరిమాట వినవలెనో తెలియక, ఎవరు ప్రక్కన కూర్చున్న వారికి నచ్చునట్లు నడుపుచుంటిని.

ఒకనాడు దిగుచుండగా గాలి వెనుకకు మారినది, నేను గమనింపనైతిని. ముందునకు సాగు వేగము పోయినది. యంత్రము తాను క్రిందికి త్రోసిన గాలిసుడిలో తానే క్రుంగజొచ్చెను. బలము హెచ్చించితిని, మరింత వేగముగ దిగెను. గురువుగారు కర్ర నందుకొని, ముక్కును ముందునకు వంచి, సుడినుండి వెలికి తెచ్చిరి. గోదావరి సుడిలో చిక్కిన పడవవాడు దానితో పెనుగులాడక ప్రక్కకు తప్పుకొనును గదా! ఇదియు అట్టిదే.

ఈ చిక్కు నాతో పుట్టినది కాదు. మొదటి ప్రపంచ సంగ్రామకాలమున ఆంగ్లదేశమందు ఒక్కొక్క గురువు తనకు తోచినట్లు విమానవిద్య నేర్పుచుండెను. యుద్ధభూమిని చూడకయే, శిక్షణయందే పెక్కురు యువకులు మడిసిరి. 1917లో గాస్‌పోర్టునందు రాబర్టు స్మిత్ బారీ యను సేనాని ఆ పద్ధతిని మార్చెను. ముందు గురువులకే ఒక క్రమమున శిక్షణ యిచ్చెను. ఆకాశమున మాటలు వినబడుటకు గురుశిష్యుల నడుమ గొట్టము నమర్చెను. ప్రమాదస్థితులను తప్పించుకొని తిరుగుట గాక, గురువు తోడుండగా వానిలో ప్రవేశించి బయటపడుటను నేర్పించెను. మన వాయుసేనయు 1948లో అంబాలాయందు గురువులకొరకే పాఠశాల స్థాపించినది. 1954లో అది తాంబరమునకు తరలెను.

హెలికాప్టరు సంగతి మరియు విచిత్రము. 1939లో అమెరికాలో ఈగర్ సికోర్‌స్కీ తన యంత్రమును మొదట లేపినప్పుడు ఆయనకు నేర్పువారు లేరు. అది ఎగిరిపోకుండ నేలకు త్రాళ్లతో కట్టి తానే అభ్యసించెను. ఇంజను ఆగినను, దిగునప్పటి గాలియే పైరెక్కలను త్రిప్పి మెల్లగా దింపుననుట, 1923లో స్పెయినునందు హువాన్ దె లా సియెర్వా తన ఆటోజైరోతో ఋజువు చేసిన ధర్మమే. నేడు ప్రతి శిష్యుడును దానిని గురువుచెంతనే సాధన చేయును. తెలుగునేలపై హకీంపేటలో వాయుసేన పైలట్లు ఎందరో ఇట్లే నేర్చిరి.

ఇప్పుడు తలచుకొన్న, నా గురువులు మువ్వురును చెప్పినది ఒక్కటే: గాలి ఎటు, ఎత్తెంత, వేగమెంత యని ప్రతి మలుపునను చూచుకొనుమని. ఒకరు ముల్లుతో, ఒకరు నేలతో, ఒకరు తోటతో ఆ మాటనే చెప్పిరి. నేను గురువుల మొగములు చూచితిని గాని గాలిని చూడనైతిని. శిష్యులను పలువురు గురువులకు అప్పగించు పెద్దలు, ఆ గురువులెల్లరు ఏ విషయమున ఏకీభవింతురో ముందు అడిగి తెలిసికొనుట మేలని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాను.