అడవి యంచున కిటికీ చట్రము

కనకగిరి గుట్టల చెంత, 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మం జిల్లాలోను, ఆనాటినుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేరియున్న చండ్రుగొండ మండలమున నేడు ఇల్లు కట్టుకొను గృహస్థు, పునాది లేచి గోడలు నడుము మట్టమునకు వచ్చునప్పటికి, ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చుచున్నది: కిటికీ చట్రమునకు కొయ్యయా, ప్లాస్టిక్కా? టేకు తనంత తాను మొలచి పెరుగు నేలపై ఇట్టి ప్రశ్న పుట్టుటయే విచారింపదగిన విషయము. దీనిని అభిరుచికో ధరకో సంబంధించిన సంగతిగా తలచువారు దాని వెనుకనున్న నూటయరువదియేండ్ల చరిత్రను విస్మరించుచున్నారు. ఈ యడవి కొయ్య ఎవరి చేతులమీదుగా ఎవరి యిండ్లకు పోయినదో తెలిసినగాని ఈ కిటికీ కథ బోధపడదు.

ఈ ప్రాంతపు పూర్వగృహములలో కిటికీ కానరాదు. కోయలు కట్టుకొనిన యిల్లు వెదురుదడికి మట్టి మెత్తి, పైన గడ్డి కప్పి, చూరు బాగుగా క్రిందికి దించిన యిల్లు. వెలుతురునకు, రాకపోకలకు ఒక్క తలుపే మార్గము. పొయ్యిపొగ కప్పుగుండ మెల్లగా వెలువడుచు, ఆ పోకలోనే వెదురునకును గడ్డికిని పురుగు పట్టకుండ కాపాడెడిది. దడిగోడ గాలిని పూర్తిగా అడ్డగింపదు గనుక దానికి వేరొక కన్నము చేయవలసిన యక్కర లేకపోయెను. మంచి కొయ్యనంతయు నిట్రాళ్లకును దూలములకును వినియోగించిరి. నేలలో పాతిన గుంజ వానకు కుళ్లక, చెదకు లొంగక నిలుచుటయే వారికి ముఖ్యము. గాలి చొరని మందపు మట్టిగోడ, ఆపై ఇటుకగోడ లేచిననాడు గాని కిటికీ యవసరము పుట్టలేదు; పెంకుటింటితోపాటు అది మైదానమునుండి అడవియంచునకు నడచివచ్చినది.

ఆ కిటికీ నిర్మాణమును గూర్చి కొంత విపులముగా చెప్పుట న్యాయము, ఏలయన అది తరతరముల వడ్రంగుల బుద్ధివిశేషమునకు నిదర్శనము. నాలుగు పట్టెలను చిత్రిక పట్టి, రెండింటి చివరల కుసులు చెక్కి, మిగిలిన రెండింటిలో వానికి సరిపడు తొలులు తొలిచి, ఒకదానిలో నొకటి బిగించి, కొయ్యచీలతో బంధించినచో, ఇనుపమేకు లేకయే ఆ చట్రము నూరేండ్లు కదలక నిలుచును. నడుమ నిలువుగా ఇనుపచువ్వలు, లోపలివైపు రెండు చెక్కరెక్కలు, వానికొక గడియ. అద్దము ఆ కిటికీకి చుట్టము కాదు. వానకాలమున రెక్క ఉబ్బి బిగిసినచో వడ్రంగి వచ్చి అంచును పిసరంత చిత్రిక పట్టి పోవును. చువ్వ వదులైనచో బిగించును. అడుగుపట్టె చెడినచో దానినొక్కదానినే మార్చును. భాగమును భాగముగా మరమ్మతు చేయుటకు వీలగుట ఆ కిటికీ గుణములలో నెల్ల గొప్పది. అది పాతబడునేగాని పనికిరానిదై పోదు.

దానికి టేకు నేరుటయందు గల హేతువు స్పష్టము. టేకు చేవలో సహజముగా నుండు తైలపదార్థములు చెదను దరిజేరనీయవు. తేమ మారినప్పుడు ఇతరవృక్షముల కొయ్య వంకరపోవునంతగా అది వంకరపోదు. మేకును, ఉలిని మన్నించును. అయితే ఈ గుణములన్నియు చేవకే చెందినవి; చేవచుట్టు నుండు తెల్లకర్రకు ఇవి లేవు. అందుచేతనే పూర్వులు ముదురు మ్రాను నరికి, తెల్లకర్రను చెక్కివైచి, దుంగను చెరువునీటిలో నానవైచి, పిమ్మట నీడన నెలల తరబడి ఆరనిచ్చి గాని రంపమునకు ఈయలేదు. మ్రాను నరకుటను మన పూర్వులు అల్పకార్యముగా నెంచలేదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో విగ్రహమునకు కొయ్య తెచ్చుటకై అడవి చొచ్చు విధానమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించి, చెట్టునందు వసించు భూతములకు బలియొసగి, వేరొకచోటికి తరలుడని ప్రార్థించిన పిమ్మటనే గొడ్డలి వేయుమని విధించెను. నేటికిని ద్వారబంధము నిలుపునప్పుడు పసుపు కుంకుమలు పూసి, మామిడాకులు కట్టి, గడపక్రింద నవధాన్యము లుంచు మన యాచారమున ఆ గౌరవభావపు ఛాయ మిగిలియున్నది.

ఇక ఆ కొయ్య ఎటు పోయినదో చూతము. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, గోదావరీడెల్టా సస్యసంపన్నమై, రైతుల చేతికి ధనము రాగా, కోనసీమలోను దాని పరిసరములలోను మండువా లోగిళ్లు వెలసినవి. ఆ లోగిళ్ల స్తంభములకును, ద్వారములకును, కిటికీలకును ఎగువ గోదావరి యడవులే కొట్లయ్యెను. నరికిన దుంగలను వెదుళ్లతో జతచేసి తెప్పలుగా కట్టి, నీటివాలున రాజమహేంద్రవరమునకు దింపెడివారు. 1860లో నిజాము గోదావరి యెడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కప్పగింపగా, భద్రాచలము తొలుత మధ్యపరగణాల పాలనలో నుండి, 1874లో మదరాసు రాజధానికి మారెను; 1882లో మదరాసు అటవీచట్టము వచ్చెను. కుడిగట్టున పాల్వంచ, దానికి దక్షిణముగా చండ్రుగొండ మొదలగు గ్రామములు నిజాము రాజ్యముననే యుండెను. నది యొకటియే, అడవి యొకటియే, మనుష్యులు నొక్కరే. శాసనములు మాత్రము రెండు. ఒడ్డేదైనను, దిగువకు పోవు దుంగ వెల దానిని నరికినవాని చేతికి ఏ పాటి చేరెనో, నిజాము ప్రభుత్వమున గిరిజనవ్యవహారములకు సలహాదారుగా పనిచేసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసియున్నాడు. పాపికొండల కొండరెడ్లు వర్తకుల ఋణములకు చిక్కి, వెదురు, కలప నరుకుటయందే జీవితము వెళ్లబుచ్చుచుండిరని ఆయన చూపిన చిత్రము చదివినవారి మనస్సును కలచివైచును. డెల్టాలోని లోగిలి కిటికీని మెచ్చుకొనువారు ఆ దుంగను నదివరకు ఈడ్చిన భుజములను గూడ స్మరింపవలెను.

నదికి దూరముగా నున్న చండ్రుగొండ వైపు అడవికి వేరొక గిరాకి తగిలినది. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనిన పిమ్మట గనులు తెరవబడి, కాలక్రమమున కొత్తగూడెము సింగరేణి సంస్థకు కేంద్రమయ్యెను. భూగర్భమున బొగ్గు తీసినకొలది పైకప్పు కూలకుండ నిలుపుటకు దుంగలు కావలెను. ఒక్కసారి నేలక్రిందికి దిగిన దుంగలలో పెక్కు తిరిగి వెలుగు చూడవు. ఇంటి కిటికీకి పోయిన కొయ్య నూరేండ్లు మనుష్యుని కన్నుల యెదుట నిలుచును. గనిలోనికి పోయినది చీకటిలో నలిగిపోవును. ఈ వ్యయమునకు పరిహారముగా ఎన్ని మొక్కలు నాటినను, ముదురు చేవగల మ్రాను ఒక తరములో తిరిగి రాదు.

పిమ్మట నిషేధముల కాలము వచ్చినది. హైదరాబాదు అటవీచట్టము, నిజాము రాజ్యమున వాడిన ఫసలీ సంవత్సరగణన ప్రకారము, 1355వ యేటిది. దాని స్థానమున ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము 1967లో వచ్చెను. 1980లో అటవీసంరక్షణ చట్టము, 1988లో కొయ్యకు బదులు వేరు వస్తువులు వాడుటను ప్రోత్సహించిన జాతీయ అటవీవిధానము, 1993లో కేంద్రప్రభుత్వ నిర్మాణశాఖ తన కట్టడములలో కొయ్యవాడకముపై విధించిన నిషేధము, 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకై దాఖలైన గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చిన యుత్తర్వు, ఇవన్నియు ఒకదాని వెంట నొకటి వచ్చి, అనుమతి లేని నరికివేతను ఆపి, లైసెన్సు లేని కోతమిల్లులను మూయించినవి. ఇవి లేకున్నచో నేడు కనకగిరి గుట్టలపై పచ్చదనము మిగిలియుండునా యని సందేహింపవలసినదే. కావున వానిని నిందించుట నా యుద్దేశము కాదు. అయినను వాని ఫలము ఎవరిపై పడినదో చెప్పకుండుట అసత్యమగును. కొయ్యను నావలకొలది, రైళ్లకొలది కొనిపోయినవారు నిషేధము వచ్చునాటికే తమ యిండ్లు కట్టుకొనియుండిరి; అడవి యొడిలో నున్నవానికి కిటికీ పెట్టుకొను స్థోమత కలుగునాటికి చెట్టు పరాధీనమైయుండెను. ఆదివాసుల హక్కులను గుర్తించిన 2006 నాటి చట్టము సైతము వెదురును, తునికాకును, ఇప్పపువ్వును వారికి దక్కించెనే గాని కలపను మినహాయించినది.

ఈ లోటును నింపుటకై కొయ్య సముద్రముల మీదుగా రాసాగెను. కొంతకాలము బర్మా టేకు రాజ్యమేలెను; 2014 ఏప్రిల్ 1న మయన్మారు దుంగల యెగుమతిని నిషేధింపగా, ఘానా, ఈక్వడారు దేశముల టేకు, మలేషియా సాలు అంగళ్లకు వచ్చెను. టేకుతోపుల ప్రక్కనున్న వడ్రంగి ఆఫ్రికా టేకును చిత్రిక పట్టుట మన కాలపు విచిత్రము. బీదవాని యింటికి మాత్రము అదియు అందలేదు. ప్రభుత్వము కట్టించిన యిండ్లలో సిమెంటు చట్రము, ఇనుప చట్రము పాదుకొనెను. సిమెంటు చట్రమునకు చెద లేదు, దొంగభయము లేదు. కాని అంచు పగిలినచో అతుకదు, లోపలి చువ్వ తుప్పు పట్టినచో చీలిపోవును.

ఇట్టి ఖాళీలోనికి ప్లాస్టిక్ ప్రవేశించినది. 1872లో యూగెన్ బౌమన్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు గాజుకుప్పెలోని వాయువునకు సూర్యరశ్మి సోకి తెల్లని ఘనపదార్థ మేర్పడుటను గమనించెను. దాని నుపయోగించి 1950 దశకమున జర్మనీలో కిటికీ చట్రములు చేయనారంభించిరి. మన దేశమునకు అవి ఈ శతాబ్దారంభమున వచ్చి, నగరములనుండి పట్టణములకును, ఖమ్మము, కొత్తగూడెముల మీదుగా మండలకేంద్రములకును వ్యాపించినవి. యూపీవీసీ యని పిలువబడు ఈ పదార్థపు మూలద్రవ్యములో భారమునుబట్టి సగమునకు పైగా ఉప్పునుండి తీసిన క్లోరిన్, మిగిలినది శిలాజతైలసంబంధి. బోలుగొట్టములుగా పోసి, లోపల జింకుపూత యుక్కు నుంచి, మూలలను వేడితో అతుకుదురు.

దాని గుణములను దాచుట న్యాయము కాదు. చెద ముట్టదు, రంగు వేయనక్కరలేదు, వాననీరు చొరదు, రబ్బరుపట్టీల మూలమున దుమ్మును, రహదారి చప్పుడును అడ్డగించును. కాని ఎండలు 45 డిగ్రీలు దాటు మన ప్రాంతమున ఒక లెక్క చూడవలెను. కొయ్య నిలువుపోగున వేడికి వ్యాకోచించుదానికంటె ప్లాస్టిక్ సుమారు పదిరెట్లు వ్యాకోచించును; ఒకటిన్నర మీటరు పొడవుగల పట్టె 30 డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లు సాగును. బిగించువాడు ఆ జాగా వదలకపోయినచో చట్రము వంగి రెక్క కదలదు. ముదురు రంగుది ఎండను మరింత పీల్చును గనుక తెల్లనిదే మేలు. అగ్నిప్రమాదమున అది హైడ్రోజన్ క్లోరైడు పొగను విడుచును. అన్నింటికంటె పెద్ద లోపము మరమ్మతు: కీలు విరిగినను, పట్టీ యెండిపోయినను, ఊరిలోని వడ్రంగి చేయగలది స్వల్పము, పట్టణమునకు ఫోను చేసి యెదురుచూడవలెను. ఇంతకు ముందు ఊరిలోనే తిరుగు కూలిడబ్బు ఊరు దాటి పోవుచున్నది, దానితోపాటు కుసి, తొలి చెక్కు విద్యయు.

2025 సెప్టెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి చండ్రుగొండ మండలములోని బెండాలపాడులో, ప్రభుత్వ గృహపథకమైన ఇందిరమ్మ యిండ్ల గృహప్రవేశములో పాల్గొనెను. ఒక్కొక యింటికి ప్రభుత్వ మిచ్చునది 5 లక్షల రూపాయలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. ఈ మొత్తములో ముదురు టేకు చట్రములు పెట్టుకొమ్మని చెప్పుట కఠినహృదయుని పని. అయినను పొలముగట్లపై రైతులు నాటుకొనిన టేకు ఈ ప్రాంతమున తక్కువేమియు లేదు. దానిని కోయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టముక్రింద అనుమతి, తరలించుటకు అటవీశాఖ అనుమతిపత్రము కావలెను. కాగితములకై తిరుగలేక రైతు చెట్టును దళారికి తక్కువధర కమ్ముకొని, తన యింటికి ప్లాస్టిక్ కొనుచున్నాడు. ఇరువది యిరువదియైదేండ్ల గట్టుటేకులో చేవ తక్కువ యనుట నిజమే. కాని తెల్లకర్ర తీసివైచి, నానవైచి ఆరబెట్టి, తడి తగులు అడుగుపట్టెకు మాత్రము ముదురు చేవ నేరి, ఏటేట నూనెపూత పూసినచో అది ఒక తరమునకు లోటు రానీయదు.

కావున నా తీర్పు ఇది. వానజల్లు సూటిగా కొట్టు పడమటిగోడకును, స్నానపుగదికిని తెల్లని ప్లాస్టిక్ చట్రము పెట్టుకొనుట తప్పు కాదు. తక్కిన కిటికీలకు, గట్టున చెట్టున్న రైతు, పచ్చికర్రను తొందరపడి బిగింపక, తన చెట్టునే తన యూరి వడ్రంగి చేత చేయించుకొనవలెను. ప్రభుత్వమును కోరునది ఒక్కటే: స్వంతభూమిలో స్వంతముగా నాటి, స్వంతయింటికి వాడుకొను టేకునకు మండలస్థాయిలోనే, గడువు నిర్ణయించి, అనుమతి యిప్పింపుడు, ఇందిరమ్మ యింటిని తనిఖీచేయ వచ్చు అధికారి చేతనే ఆ కాగితమును గూడ పంపుడు.