ఓడ మీద కాఫీ, మన ఇంటి నీళ్లు



విహారనౌక ఎక్కి దిగివచ్చినవాళ్లు ఓడలోని వైభవాన్ని ఎంత పొగిడినా, చివర ఒక్క మాట చేర్చకుండా ఉండరు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కాఫీ మాత్రం నోట పెట్టలేకపోయామండీ" అంటారు. పది పన్నెండు అంతస్తుల మేడ, వేల మంది ప్రయాణికులు, వందల మంది వంటవాళ్లు, ఈతకొలను, నాట్యశాల! ఇన్ని అమర్చినవాళ్లకు ఒక కప్పు మంచి కాఫీ ఎందుకు కుదరలేదు? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ దీని వెనక మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చివరికి మన వంటింటి బిందె దగ్గరికే వచ్చి ఆగుతుంది.

త్రిపురారంలో కూర్చుని ఓడల ముచ్చట ఏమిటని మీరు నవ్వవచ్చు. నిజమే, సముద్రం మనకు దూరం. నాగార్జునకొండకు పోయే లాంచీ తప్ప మనం ఎరిగిన నౌకాయానం లేదు. పైగా మన వైపు కాఫీ కంటే చాయ్‌దే పెత్తనం. కృష్ణ దాటి గుంటూరు వైపు చుట్టాలింటికి వెళితే తెల్లవారేసరికి ఇత్తడి ఫిల్టరులో డికాక్షను దిగుతూ ఉంటుంది, మన ఇళ్లలో చాయ్ మరుగుతూ ఉంటుంది. అయినా ఈ కథ మనది కాకపోలేదు. ఎందుకో వరసగా చెబుతాను.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఓడ మీద కాఫీ దొరకడం కంటే ముందు, కాఫీయే ఓడ ఎక్కి లోకమంతా తిరిగింది. యెమెన్ దేశంలోని మోఖా రేవు నుంచి గింజలు ఎగుమతి అయ్యేవి. అయితే మొలకెత్తే గింజను మాత్రం పైదేశాలకు పోనిచ్చేవారు కాదట. బాబా బుడాన్ అనే ఫకీరు హజ్ యాత్రకు వెళ్లి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి, కన్నడ దేశంలో చిక్కమగళూరు దగ్గరి కొండల మీద నాటాడని చెప్పుకుంటారు. ఇది 1670 ప్రాంతపు కథ. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. తరువాత 1699లో డచ్చివాళ్లు మలబారు నుంచి మొక్కలను జావాకు తీసుకుపోయారు. జావా నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు, అక్కడి నుంచి 1714లో ఫ్రాన్సు రాజుగారి తోటకు ఒక మొక్క చేరింది. అంటే మన దక్షిణాది రేవు నుంచి బయలుదేరిన సంతతే సగం లోకం చుట్టింది.

ఆ ఫ్రాన్సు తోటలోని సంతతి నుంచే 1723లో ద క్లియూ అనే నౌకాదళ ఉద్యోగి ఒక మొక్కను మార్టినిక్ దీవికి తీసుకువెళ్లాడు. దారిలో గాలి స్తంభించిపోయి ఓడ కదలలేదు. తాగే నీళ్లు కొలిచి పోయడం మొదలుపెట్టారు. తన వంతుకు వచ్చిన ఆ కాసిని నీళ్లలోనే మొక్కకు కొంత పోసి, తాను దాహంతో ఉండి దాన్ని బతికించానని ఆయనే రాసుకున్నాడు. చూశారా, కాఫీకీ ఓడకూ మధ్య మొదటి తగాదా నీళ్ల దగ్గరే వచ్చింది. ఆ తగాదా ఇవాళ్టికీ పూర్తిగా తీరలేదు.

తెరచాప ఓడల కాలంలో నీళ్లను కొయ్య పీపాలలో నింపుకుని బయలుదేరేవారు. కొన్ని వారాలకు ఆ నీళ్లు పాచిపట్టి కంపు కొట్టేవి. ఆ నీళ్లతో ఏ కాఫీ కాచినా ఏం రుచి వస్తుంది? అసలు కాఫీ గింజే అందరికీ దొరికేది కాదు. ఇంగ్లీషు నౌకాదళంలో మామూలు నావికులు గట్టి రొట్టెను మాడ్చి, నలగ్గొట్టి, నీళ్లలో మరిగించి, చక్కెర వేసుకుని తాగేవారు. దానికి 'స్కాచ్ కాఫీ' అని గొప్ప పేరు! పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, సరిగ్గా అదే. కెప్టెనుగారి గదిలో అసలు కాఫీ, కింద నావికులకు మాడిన రొట్టె. ఓడ ఒక్కటే, నీళ్లూ అవే, కప్పు మాత్రం వేరు.

ఇక పాల సంగతి. మంచుపెట్టెలు లేని రోజుల్లో నడిసముద్రంలో పాలు ఎక్కడి నుంచి వస్తాయి? 1840లో 'బ్రిటానియా' అనే ఆవిరి ఓడ అట్లాంటిక్ దాటినప్పుడు, ప్రయాణికుల పాల కోసం ఏకంగా ఒక ఆవునే ఎక్కించుకుని వెళ్లింది. కుదుపులకు మనుషులే నిలవలేని చోట ఆ గోమాత ఎంత ఇబ్బంది పడిందో మనలాంటి పాడి ఎరిగిన ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. 1856లో గెయిల్ బోర్డెన్ అనే అమెరికావాడు పాలను చక్కెరతో చిక్కబరిచి డబ్బాలో నిలవచేసే పద్ధతికి హక్కు పత్రం పొందాడు. ఓడ ప్రయాణంలో ఆవులు జబ్బుపడి, పసిపిల్లలకు పాలు లేక అల్లాడడం కళ్లారా చూసి అతను ఈ పనికి పూనుకున్నాడని అంటారు. ఆ తరువాత ఓడ కాఫీలోకి డబ్బాపాలు వచ్చాయి. అవసరం తీరింది గానీ, కమ్మదనం పోయింది.

ఓడ కాఫీని ఎప్పుడూ చెడగొట్టిందేనా అంటే, ఒక విచిత్రం కూడా జరిగింది. మలబారు రేవుల నుంచి ఐరోపాకు గింజలు ఆఫ్రికాను చుట్టి నెలల తరబడి వెళ్లేవి. సముద్రపు తేమకు ఉబ్బి, పచ్చదనం పోయి, పాలిపోయిన పసుపు రంగుకు వచ్చేవి. పులుపు తగ్గి, ఒక రకమైన బరువైన రుచి వచ్చేది. అక్కడివాళ్లు దానికే అలవాటుపడ్డారు. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ప్రయాణం తగ్గిపోయింది, గింజ తాజాగా చేరింది. "ఇదేం రుచి, మా పాత కాఫీ ఏదీ?" అని కొనేవాళ్లు పెదవి విరిచారు. అప్పుడు మన పడమటి తీరపు వర్తకులు ఏం చేశారంటే, వానకాలంలో గింజలను పక్కలు తెరిచిన గోదాములలో పరిచి, తడిగాలి తగలనిచ్చి, కావాలనే ఆ పాత రుచి తెప్పించారు. 'మాన్‌సూన్డ్ మలబార్' అని ఇవాళ్టికీ అది ప్రసిద్ధం. అలవాటు అనేది ఎంత మొండిదో చూడండి!

ఆవిరి ఓడలు వచ్చాక నీళ్ల కష్టం కొంత తీరింది. సముద్రపు నీటిని కాచి, పైకి లేచిన ఆవిరిని పట్టి, చల్లార్చి మంచినీళ్లు చేసుకోవడం మొదలైంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పంతా అడుగున మిగిలిపోతుంది, ఆవిరిలోకి రాదు. ఈ ఒక్క మాట మీరు మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ ఆవిరి ఓడల మీదే మన తెలుగువాళ్లు వేలకు వేలు సముద్రం దాటారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి 'రంగం' పోయేవాళ్లు, అంటే రంగూన్ పోయేవాళ్లు, ఎక్కువగా డెక్కు టిక్కెట్టు వాళ్లే. గది లేదు, మంచం లేదు. పైకప్పు మీద చాపో దుప్పటో పరుచుకుని, మూటలు తలకింద పెట్టుకుని వెళ్లేవారు. పైతరగతి వాళ్లకు బల్ల మీద గుడ్డ పరిచి వడ్డన జరిగేది. రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్లు, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవాళ్లు ఈ డెక్కు మీద పోయినవాళ్లే. 1942లో జపానువాళ్లు బర్మాలోకి వచ్చినప్పుడు వీళ్లలో ఎందరికో తిరిగివచ్చే ఓడలో చోటు దొరక్క, అడవుల వెంట నడిచి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత వీళ్ల విషయంలో అక్షరాలా నిజమైంది. ఓడ కాఫీ గురించి మాట్లాడేటప్పుడు, ఆ కాఫీ ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని కూడా అడగాలి కదా!

ఇక నేటి విహారనౌకల దగ్గరికి వద్దాం. 2022 జూన్‌లో విశాఖ నుంచి 'ఎంప్రెస్' అనే విహారనౌక నడిచింది. 2023లో విశాఖ రేవులో ఈ నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు. కనుక ఓడ కాఫీ మన తెలుగు గడపకు దగ్గరగానే వచ్చింది. మరి రుచి ఎందుకు రాదు? ఇల్లు నడిపేవాళ్లకు కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. పెళ్లింట్లో వెయ్యి మందికి కాచిన కాఫీ, ఇంట్లో నలుగురికి కాచిన కాఫీలా ఉంటుందా? తెల్లవారి ఒక్క గంటలో వేల కప్పులు పోయాలి. అందుకని చాలా ఓడలలో టిక్కెట్టుతో పాటు ఉచితంగా వచ్చే కాఫీకి గింజ విసరరు, డికాక్షను దించరు. ముందే తయారైన చిక్కటి పాకాన్ని యంత్రం వేడినీళ్లలో కలిపి వదులుతుంది. కలిపినది వేడి మీద నిలవ ఉంటే అరగంటకే చేదు పుడుతుంది. పాలు నెలల తరబడి నిలవ ఉండే పెట్టెపాలు. నీళ్లేమో సముద్రపు నీటి నుంచి తీసినవి. వాటిలో లవణాలు బొత్తిగా లేకపోతే చప్పగా ఉంటాయి, కాఫీ సారం సరిగా దిగదు. అందుకే మళ్లీ కొంచెం సున్నపు లవణాలు చేర్చి, క్రిములు చేరకుండా క్లోరిన్ కలుపుతారు. ఆ వాసన కొంత కప్పులోకి వస్తుంది. ఇక అదే ఓడలో నాలుగడుగుల అవతల, గింజ అప్పటికప్పుడు విసిరి ఇచ్చే అంగడి ఉంటుంది. దానికి మళ్లీ వేరే డబ్బు! కెప్టెను కప్పు, నావికుడి కప్పు అన్న పాత తేడా పూర్తిగా పోలేదన్నమాట.

ఇందులో మన తెలుగువాళ్ల పాలు ఎంత ఉందో తెలుసా? గుంటూరు జిల్లా దుగ్గిరాల పసుపుకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఒక్క కాఫీ మొక్క పెరగదు. కానీ 1990ల నుంచి అక్కడి కర్మాగారంలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి తయారై ఎన్నో దేశాలకు ఓడలలో పోతోంది. ఇంకోవైపు తూర్పు కనుమలు. 1898 ప్రాంతంలో పాములేరు లోయలో మొదలైన కాఫీ, పాడేరు, చింతపల్లి, అరకు కొండలకు పాకింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల మధ్య గిరిజన కుటుంబాలు పెంచే ఆ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్ నగరంలో దాని పేరుతో 2017లో దుకాణమే వెలిసింది. నవంబరు మొదలు ఎర్రబడిన పండ్లను ఒక్కొక్కటిగా ఏరి బుట్టలో వేసేది ఎక్కువగా ఆడవాళ్లే. అడవిలో ఉసిరికాయకూ సముద్రంలో ఉప్పుకూ సంబంధం కుదిరినట్టు, ఆ కొండకూ విశాఖ రేవుకూ మధ్య నూరు పైచిలుకు కిలోమీటర్ల దూరమే. అయినా మన రేవు నుంచి కదిలే ఓడలో పాకం కాఫీ పోస్తే, లోపం గింజలో ఉన్నట్టా, కొనేవాళ్ల బుద్ధిలో ఉన్నట్టా? మీరే చెప్పండి.

ఇప్పుడు ఇందాక మనసులో పెట్టుకోమన్న మాట దగ్గరికి వద్దాం. ఓడవాళ్లు నీళ్లు కాస్తారు, మనమూ కాస్తాం. తేడా ఎక్కడ? వాళ్లు ఆవిరిని పట్టి ఉంచుకుని, అడుగున మిగిలినది పారబోస్తారు. మనం ఆవిరిని గాలికి వదిలి, అడుగున మిగిలినది తాగుతాం. సముద్రంలో ఉప్పున్నట్టు మన నల్లగొండ జిల్లా భూగర్భజలంలో ఎన్నోచోట్ల ఫ్లోరైడ్ ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి లోకమంతా కన్నీరు పెట్టింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. "బాగా మరగకాచాం, ఇంక భయం లేదు" అనుకునే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీరు ఇగిరే కొద్దీ మిగిలినదానిలో అది ఇంకా చిక్కనవుతుంది. తేయాకులో కూడా సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది. కనుక బోరునీళ్లతో గంటసేపు పొయ్యి మీద మరిగే చాయ్ ముప్పును పెంచేదే గాని తగ్గించేది కాదు.

1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, పైనీళ్లు వంచుకునే పద్ధతిని రూపొందించారు. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. మన జిల్లా పేరు ప్రపంచ పుస్తకాలకు ఎక్కింది ఇలా! 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మన త్రిపురారం వైపు పొలాలు పచ్చబడ్డాయి. 2016లో మిషన్ భగీరథ మొదలై, శుద్ధిచేసిన నదినీళ్లు ఇళ్లకు వచ్చాయి. అయినా పైపు నీళ్లు రాని పూట బోరు దగ్గరికి బిందె పట్టుకుని పోయేది ఎవరు? మనమే. ఆ ఒక్క పూటే కదా అని వంటకు, తాగడానికి అవే వాడవద్దు. పైపు నీళ్లు ఒక రోజుకు సరిపడా మూతపెట్టి నిలవ ఉంచుకోండి. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఓడ ఎక్కినవాళ్లు వారం రోజులు చప్పటి కాఫీ తాగి దిగి వస్తారు, వాళ్లకు పోయేదేమీ లేదు. మన పిల్లలు మాత్రం మన బిందెలోని నీళ్లే ఏళ్ల తరబడి తాగి పెరుగుతారు. కప్పులో కాఫీ పోసినా, చాయ్ పోసినా, అందులో ముప్పాతిక వంతుకు పైన నీళ్లేనని మరచిపోకండి. సెలవు.