మిన్స్‌మీట్‌లో మాంసం లేదు, మరి ఏముంది? సూయెట్ కథ

ఈరోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

ఆన్‌సైట్‌కి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు డిసెంబర్‌లో టీమ్‌లో ఒకరు ఇంట్లో చేసిన మిన్స్ పైలు తెచ్చారు. లోపల పెట్టేదాన్ని ‘మిన్స్‌మీట్’ అంటారు. పేరు వినగానే మా వెజిటేరియన్ ఫ్రెండ్ ఒకడు వద్దన్నాడు. "మాంసం ఏం లేదు రా, కిస్మిస్, ఆపిల్, మసాలాలే" అని నేనే తినిపించా. తర్వాత రెసిపీ అడిగితే అందులో బీఫ్ సూయెట్ ఉంది. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

సూయెట్ అంటే ఏంటి? ఎద్దు, ఆవు, గొర్రె లాంటి వాటి కిడ్నీల చుట్టూ, నడుము దగ్గర ఉండే గట్టి పచ్చి కొవ్వు. దాన్ని కరిగించి వడకడితే టాలో. వెన్నకి నెయ్యి ఎలాగో, సూయెట్‌కి టాలో అలాగ. మనం తెలుగులో అన్నిటినీ ‘కొవ్వు’ అనేస్తాం, చిక్కు అక్కడే వస్తుంది.

మాట పుట్టుక ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో ‘సేబుమ్’ అంటే జంతువుల కొవ్వు. అది ఫ్రెంచ్‌లో అరిగి, నార్మన్ల నోట చిన్నదై, 14వ శతాబ్దానికి ఇంగ్లిష్‌లో సూయెట్ అయింది. మొటిమల గురించి డాక్టర్ చెప్పే ‘సీబమ్’ కూడా ఆ లాటిన్ మాటే. అంటే మీ ముఖం మీద జిడ్డుకీ, క్రిస్మస్ పుడింగ్‌కీ చుట్టరికం ఉందన్నమాట!

సరే, వెన్న ఉండగా ఇదెందుకు? వెన్న దాదాపు 35 డిగ్రీలకే కరిగిపోతుంది. సూయెట్‌కి 45 దాటాలి. పిండిలో సూయెట్ తురుము కలిపి ఉడికిస్తే, చుట్టూ పిండి గట్టిపడటం మొదలయ్యాకే అది కరుగుతుంది. కరిగిన చోట చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. గంటల తరబడి ఉడికినా పుడింగ్ బండరాయిలా అవ్వకుండా గుల్లగా వచ్చేది అందుకే. పాతరోజుల్లో పుడింగ్‌ని జంతువుల పేగుల్లో కూరి ఉడికించేవాళ్లు. 17వ శతాబ్దంలో గుడ్డలో మూటకట్టడం బాగా వ్యాపించింది. ఓవెన్ లేని పేదింట్లో కూడా ఒక్క కుండ, ఒక గుడ్డ ఉంటే చాలు. నాకైతే ఈ కథలో అసలు హీరో ఆ గుడ్డే.

మిన్స్‌మీట్‌లో ఒకప్పుడు నిజంగానే మాంసం వేసేవాళ్లు. కాలక్రమంలో మాంసం పోయింది, పేరూ సూయెట్టూ మిగిలాయి. 1893లో గాబ్రియెల్ హ్యూగన్ అనే ఫ్రెంచ్ ఆయన మాంచెస్టర్‌లో తురిమిన సూయెట్‌ని ప్యాకెట్ చేసి ‘అటోరా’ పేరుతో అమ్మాడు. స్పానిష్‌లో ‘తోరో’ అంటే ఎద్దు, పేరు అక్కడిదే.

ఇక మనవైపు. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిల్లో పాకింది. ఆ కాగితాన్ని నోటితో కొరకాలి మరి! తిరుగుబాటుకి కారణాలు చాలా ఉన్నాయి, కానీ అగ్గి రాజేసినవాటిలో ఇదొకటి. వంటింట్లో మామూలు సరుకు, ఇంకొకరి నోటి దగ్గరకి వచ్చేసరికి ఎంత పెద్ద విషయమో చూడండి.

ఇప్పుడు పామాయిల్ లాంటి నూనెలతో చేసిన వెజిటబుల్ సూయెట్ కూడా దొరుకుతుంది, షాపుల్లో చాలా మిన్స్ పైలలో వాడేది అదే. యూకేలో ఉన్న మనవాళ్లు ప్యాకెట్ వెనక్కి తిప్పి ‘బీఫ్’ అనుందా, ‘వెజిటబుల్’ అనుందా చూసుకోండి. ఇంట్లో చేసినవైతే అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మా ఫ్రెండ్ ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్ కూడా తిప్పి చూసే తింటాడు, అదీ నావైపు చూస్తూ.