ఉత్తర సముద్రం మీది నల్ల త్రిభుజం

1989 ఆగస్టులో ఇంగ్లండు తూర్పు తీరానికి ఆవల, ఉత్తర సముద్రంలోని ఇండిఫాటిగబుల్ వాయుక్షేత్రంలో, గాల్వెస్టన్ కీ అనే డ్రిల్లింగు వేదిక పనిచేస్తూ ఉండేది. అక్కడి ఇంజనీరు క్రిస్ గిబ్సన్‌ను ఒకనాడు మిత్రుడొకడు బయటకు పిలిచి ఆకాశం చూపించాడు. నాలుగు విమానాలు గుంపుగా పోతున్నవి. పెద్దది అమెరికా వారి కె.సి.-135, అనగా గాలిలో ఉండగానే ఇతర విమానాలకు ఇంధనం అందించే ట్యాంకరు. రెండు ఎఫ్-111 యుద్ధ విమానాలు. నాలుగవది మాత్రం నల్లని త్రిభుజం. దాని అంచులలో ఎక్కడా సందు లేదు.

చూచినవాడు సామాన్యుడైతే కథ అక్కడితో ముగిసేది. గిబ్సన్ రాయల్ అబ్జర్వర్ కోర్‌లో శిక్షణ పొందినవాడు. 1925లో ఏర్పడిన ఈ దళం రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాలను కంటితో గుర్తించి కబురు పంపేది. రెక్కలు, ఇంజన్లు, దేహం, తోక ఎట్లా ఉన్నవో నల్లని నీడబొమ్మలో చూచి క్షణాలలో పేరు చెప్పటమే వారి విద్య.

ఆకాశంలో ఒంటరిగా కనిపించే వస్తువు పరిమాణం చెప్పటం బహు కష్టం. 3 కిలోమీటర్ల దూరాన ఉన్న 20 మీటర్ల విమానమూ, 6 కిలోమీటర్ల దూరాన ఉన్న 40 మీటర్ల విమానమూ కంటి వద్ద ఒకే కోణం చేస్తవి. వింత విమానాలను చూచామనే వారి కొలతలు తరచు తారుమారు కావటం ఇందువల్లనే. ఇక్కడ కొలబద్ద పక్కనే ఉన్నది! కె.సి.-135 పొడవు సుమారు 41.5 మీటర్లు, ఎఫ్-111 పొడవు సుమారు 22.4 మీటర్లు. అన్నీ ఒకే దూరాన ఎగురుతున్నవి గనుక నాలుగవ దానిని వీటితో పోల్చి చూడవచ్చును.

అది మరొక ఎఫ్-111 అని గిబ్సన్ మొదట అనుకొన్నాడు. కాని పొడవు ఎక్కువ. ఎఫ్-117 అందామంటే దానికంటె కూడా పొడవే. ఫ్రెంచి వారి మిరాజ్-4 కూడా సరిపడలేదు. ఆపైన అతనికి తెలిసిన పేర్లు అయిపోయినవి.

అతడు గీసిన బొమ్మలో ముక్కు వద్ద కోణం 30 డిగ్రీలు. రెక్క అంచు ఎంత వెనుకకు వాలిందో తెలిస్తే, దానిని రెట్టించి 180 నుండి తీసివేయగా ముక్కు కోణం వస్తుంది. ఎఫ్-117 వాలు 67.5 డిగ్రీలు గనుక ముక్కు కోణం 45. బి-2 వాలు 33 గనుక 114. 30 రావాలంటే వాలు 75 ఉండవలె. పక్కవాటుగా చూస్తే కోణం సన్నబడుతుంది కదా అని విద్యార్థి అడుగవచ్చును, మంచి ప్రశ్నే. ఎఫ్-117 ముక్కు 30 డిగ్రీలుగా కనబడాలంటే దానిని నిట్టనిలువు నుండి దాదాపు 50 డిగ్రీలు పక్కకు జరిగి చూడవలె. అప్పుడు పక్కనున్న ట్యాంకరు రెక్కలు సైతం మూడింట రెండు వంతులకు కుదించినట్లు కనబడి తీరును. ఆ తేడా శిక్షణ గల కంటికి అందకపోదు.

ఈ బొమ్మ 1992లో బిల్ స్వీట్‌మన్ అనే విమాన రచయిత ద్వారా జేన్స్ డిఫెన్స్ వీక్లీలో వెలువడినది. అంతకు ముందే, 1985లో, అమెరికా బడ్జెటు పత్రమొకదానిలో అరోరా అనే పేరు కనిపించినది. పేరు ఉన్నది, రూపం లేదు. ఇక్కడ రూపం ఉన్నది, పేరు లేదు. పత్రికలు రెంటినీ కలిపి ముడివేసినవి. ఆ ముడికి ఆధారం చాలదు. లాక్‌హీడ్ సంస్థ స్కంక్ వర్క్స్ విభాగానికి అధిపతిగా ఉండిన బెన్ రిచ్, అరోరా అన్నది బి-2 బాంబరు పోటీకి కేటాయించిన ధనానికి పెట్టిన సంకేతనామమని 1994లో ప్రకటించాడు. ఆ మాట నిజమైతే పేరు సంగతి తేలినట్లే గాని, గిబ్సన్ బొమ్మ సంగతి తేలలేదు. బి-2 ముక్కు కోణం 114 అని పైన చూచితిమి గదా.

ఎఫ్-117లు 2008లో కొలువు విరమించినవి. వాటిలో కొన్ని ప్రదర్శనశాలలకు చేరినవి. వాటి కింద నిలబడి ఎవరైనా కొలిచి చూడవచ్చును. 30 డిగ్రీల ముక్కు గల ఆ నల్లని విమానాన్ని మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ తనదని చెప్పలేదు.